బేతాళుడు ఎవరి పక్షం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "చందమామ కథల్లో నీతి అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలండీ" అన్నారు. నేను సివిల్ ఇంజనీరుని. కాంక్రీటు పోయించడం, పోసినదాన్ని పరీక్ష చేయించడం ముప్పై ఏళ్ళుగా నా పని. సాహిత్యం మీద మాట్లాడటానికి పండితులున్నారు కదా అన్నాను. "పండితులైతే గంటన్నర తీసుకుంటారు, భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. ఆ మాట విన్నాక ఇక కాదనలేకపోయాను.

చందమామ మొత్తం గురించి చెప్పడం నావల్ల కాదు. నెలనెలా పుస్తకం చేతికి రాగానే మనలో చాలామంది మొదట తిప్పిన పేజీలు ఏవి? బేతాళ కథ పేజీలు. వాటి గురించే మాట్లాడతాను.

చందమామ మనకు కాస్త చుట్టరికం ఉన్న పత్రిక కూడాను. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు దాన్ని మొదలుపెట్టారు. చక్రపాణి గారిది తెనాలి పక్కన ఐతానగరం. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. మన బడి నుంచి తెనాలి సైకిలు దూరం. అయినా మనం చదివే రోజుల్లో ఆయన పేరు మనకు తెలియదు. పత్రికలో కనిపించేది కాదు. బొమ్మలు గీసిన శంకర్ గారి సంతకం మాత్రం బాగా తెలుసు. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, అడుగు ముందుకే వేస్తున్న రాజు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారు 2020లో పోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ బొమ్మ చూసి రాత్రిళ్ళు బయటికి వెళ్ళడానికి భయపడినవాళ్ళు ఈ సభలో నాతో కలిపి కనీసం యాభై మంది ఉంటారు. ఆ యాభై మంది తరఫున అయినా ఇంకాస్త ముందుగా ఇచ్చి ఉండాల్సిందని నా అభిప్రాయం.

మేం పదో తరగతిలో ఉండగా, 1985లో, దూరదర్శన్‌లో 'విక్రమ్ ఔర్ బేతాల్' వచ్చింది. రామానంద్ సాగర్ తీశారు. అరుణ్ గోవిల్ రాజు, సజ్జన్ బేతాళుడు. ఊళ్ళో ఉన్నవి మూడో నాలుగో టీవీలు. హిందీ ఎవరికీ రాదు. అయినా ఒక్కరు కూడా అర్థం కాలేదని లేచిపోలేదు. రాజు ఎప్పుడు నోరు తెరుస్తాడో, శవం ఎప్పుడు ఎగిరిపోతుందో మాకు ముందే తెలుసు. తెలిసి కూడా, ఎగిరిపోయేటప్పుడు గదిలో అందరూ "అయ్యో" అనేవాళ్ళు.

ఆ "అయ్యో" సంగతే చెప్పాలని వచ్చాను.

మామూలుగా పిల్లల కథలో నీతి చివర ఉంటుంది. అబద్ధం ఆడకూడదు, అత్యాశ పనికిరాదు, ఐకమత్యమే బలం. వీటికి నేను వ్యతిరేకిని కాదు. కానీ బేతాళ కథ చివర నీతి ఉండదు, ప్రశ్న ఉంటుంది. ఒక రాజు రెండు తీర్పుల్లో ఒకటి ఎందుకు ఎంచుకున్నాడు? పైకి మూర్ఖంగా కనిపించే పని ఒక తెలివైనవాడు ఎందుకు చేశాడు? ముగ్గురు త్యాగం చేస్తే ఎవరి త్యాగం పెద్దది? బేతాళుడు అడిగే తీరు కూడా గడుసుగా ఉంటుంది. తప్పుడు జవాబును ముందే నోటికి అందిస్తాడు, అది ఇదే కదా అన్నట్టు. విక్రమార్కుడు ఆ వలలో పడకుండా కారణం విప్పి చెబుతాడు.

మా తెలుగు మాస్టారు, పేరు చెప్పనక్కరలేదు, ఆ కాలంవాళ్ళందరికీ తెలుసు, శనివారం ఆఖరి పీరియడులో బేతాళ కథ చదివేవారు. ప్రశ్న దాకా చదివి పుస్తకం మూసేసేవారు. "ఊఁ, చెప్పండిరా విక్రమార్కులూ" అనేవారు. అప్పటికే ఇంట్లో చదివేసినవాడు లేచి పుస్తకంలో జవాబు అప్పజెబితే ఒప్పుకునేవారు కాదు. "అది రాజు జవాబు. నీదేది?" అనేవారు. ఒకసారి ఒక అమ్మాయి రాజు చెప్పింది తప్పని వాదించింది. ఆమె ఈరోజు సభలో ఉంది, జిల్లా కోర్టులో వకీలు. మాస్టారు ఆ రోజు బెల్లు కొట్టినా క్లాసు వదల్లేదు. ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తు లేదు. వాదన జరిగిందని మాత్రం గుర్తుంది.

సరే, కథల లోపలి సంగతి అది. కథల చుట్టూ కట్టిన చట్రం ఒకటుంది. అసలు సరుకు అందులో ఉందని నా ఉద్దేశం. చిన్నప్పుడు నెలనెలా అవే రెండు పేరాలు కనక చదవకుండా దాటేసేవాళ్ళం.

ఆ చట్రంలోని షరతులు ఒకసారి తీరిగ్గా చూడండి. రాజు శవాన్ని మోసుకుపోవాలి. దారిలో మౌనంగా ఉండాలి. బేతాళుడు ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే తెలిసినవాడికి రెండు వైపులా నష్టమే. మాట్లాడితే చేసిన పని పోతుంది. మాట్లాడకపోతే తల పోతుంది. రాజు ప్రతిసారీ పని పోగొట్టుకున్నాడు, తల ఉంచుకున్నాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు.

మనం 'పట్టువదలని విక్రమార్కుడు' అని సామెతలా వాడతాం. మూడుసార్లు గ్రూప్ వన్ రాసినవాణ్ణి అంటాం, నాలుగోసారి ఎన్నికల్లో నిలబడినవాణ్ణి అంటాం. శవాన్ని వదలకపోవడమే ఆయన గొప్పతనమని మన లెక్క. నాకు మాత్రం, తెలిసిన మాట చెప్పడానికి ప్రతిసారీ శవాన్ని వదిలేయడం ఆయన గొప్పతనంగా కనిపిస్తుంది. పట్టు వదలనివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. పని పాడవుతుందని తెలిసి నోరు తెరిచేవాళ్ళు తక్కువ.

ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఈ కథ చివరికి ఏమైంది? రాజు శవాన్ని చేర్చాడా? ఎవరికి చేర్చాడు? ఎందుకు?

చూశారా, చేతులు లేవడం లేదు. మన తప్పు కాదు. చందమామలో ఆ కథకు ముగింపు మన కళ్ళబడలేదు. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. చందమామవాళ్ళు అదే చట్రంలో కొత్త కథలు కూర్చుకుంటూ దశాబ్దాల తరబడి నడిపారు. నెలనెలా రాజు చెట్టు దగ్గరికి వెళ్ళాడు, నెలనెలా తిరిగొచ్చాడు. మనం పెద్దయ్యాం, ఉద్యోగాల్లో చేరాం, ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు. నాకు ముగింపు తెలిసింది ఉద్యోగంలో చేరాక, కథాసరిత్సాగరం తెలుగులో చదివినప్పుడు.

కథాసరిత్సాగరం పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసింది. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ అంటారు. ఆ గుణాఢ్యుడు శాతవాహనుల కొలువులోవాడని ఐతిహ్యం. ఇందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఉండేది గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానంలో, అంటే ఇప్పటి పైఠాన్‌లో. చూడండి, తిరిగి తిరిగి మన నది దగ్గరికే వచ్చాం.

కథ మొదలు ఇలా ఉంటుంది. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి వెళుతుంటాడు. ఒకరోజు కాదు, నెల కాదు, పదేళ్ళు. ఏమీ అడగడు. రాజు ఆ పండును కోశాధికారికి ఇచ్చేస్తాడు. ఆయన దాన్ని కిటికీలోంచి కొట్టులో పడేస్తాడు. ఒకరోజు పెంపుడు కోతి ఒక పండు కొరికితే లోపలి నుంచి రత్నం జారిపడింది. కొట్టు తెరిచి చూస్తే పండ్లన్నీ కుళ్ళిపోయి, రత్నాలు మిగిలి ఉన్నాయి. ఇంత ఎందుకిచ్చావయ్యా అని రాజు అడిగితే, శ్మశానంలో ఒక సాధన ఉంది, ఒక వీరుడి సాయం కావాలి, చెట్టు మీది శవాన్ని తెచ్చిపెట్టు అన్నాడు. రాజు సరేనన్నాడు. మరి పదేళ్ళ పండ్లు!

దారిలో ఇరవై మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. ఇరవై నాలుగోది చిక్కు ప్రశ్న. ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూశారు. పెద్ద పాదం ఆమె తండ్రికి, చిన్న పాదం ఆమె కొడుక్కి అని ఒప్పందం చేసుకున్నారు. తీరా చూస్తే పెద్ద పాదం కూతురిది, చిన్న పాదం తల్లిది. మాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని పెళ్ళాడారు. వాళ్ళకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజు ఆలోచించాడు. తెలియలేదు. మౌనంగా నడిచాడు.

తల పగల్లేదు. తెలియక మౌనంగా ఉన్నవాడికి శాపం తగలదు. షరతులోనే ఉంది ఆ మాట: తెలిసి చెప్పకపోతే అని. చిన్నప్పుడు మనం గమనించని చిన్న పదం అది.

అప్పుడు బేతాళుడు అసలు సంగతి చెబుతాడు. ఆ భిక్షువు నిన్ను బలి ఇవ్వబోతున్నాడు. సాష్టాంగపడమంటాడు. నేను రాజుని, నాకు మొక్కడం అలవాటు లేదు, ముందు నువ్వు చేసి చూపించు అను. అతను వంగగానే తల తెంచు. రాజు అలాగే చేశాడు.

ఈ మాట చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. చిన్నప్పటి నుంచి బేతాళుణ్ణి అడ్డంకి అనుకున్నాను. పని సాగనివ్వని వెధవ పిశాచం. ఆ భిక్షువు గురించి అసలు ఆలోచించనే లేదు. తీరా చూస్తే పదేళ్ళు నవ్వు మొహంతో పండ్లు తెచ్చినవాడు తల కోసం వచ్చాడు. దారంతా విసిగించి, ప్రశ్నలడిగి, పనిని ఇరవై మూడుసార్లు వెనక్కి తిప్పినవాడు తల కాపాడాడు. పని ఆలస్యం కావడమే రాజుకు మేలయింది. మొదటిసారే శవం తెచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

తమాషా ఏమిటంటే, చందమామలో మనం చూడని ఈ ఎత్తును చందమామ యజమానులే సినిమాలో మనకు చూపించారు. విజయావారి పాతాళభైరవి, 1951. మాంత్రికుడు తోటరాముణ్ణి సాహసవంతుడని మెచ్చుకుని గుహకు తీసుకుపోతాడు. బలివ్వడానికి. రాముడికి సంగతి తెలిసి మాంత్రికుణ్ణే బలి ఇచ్చేస్తాడు. ఎస్వీ రంగారావు గారి గడ్డం, ఆ గొంతు చూస్తూ చప్పట్లు కొట్టామే గానీ, ఆయన మన బేతాళ కథలో కనిపించకుండా దాక్కున్న భిక్షువుకి అన్నగారని నాకైతే చాలాకాలం తట్టలేదు.

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. మూల కథల్లో ఇంజనీర్లందరూ చదవవలసినది ఒకటుంది. నలుగురు అన్నదమ్ములు తలా ఒక విద్య నేర్చుకొచ్చారు. అడవిలో ఒక ఎముక ముక్క దొరికింది. ఒకడు దానికి మాంసం తెప్పించాడు. రెండోవాడు చర్మం, వెంట్రుకలు. మూడోవాడు మిగతా అవయవాలన్నీ అమర్చాడు. నాలుగోవాడు ప్రాణం పోశాడు. అది సింహం. లేచి నలుగుర్నీ చంపింది. పాపం ఎవరిది?

రాజు జవాబు: ప్రాణం పోసినవాడిది. ముందు ముగ్గురికీ అది ఏ జంతువో తెలియదు. నాలుగోవాడి ముందు సింహం ఆకారం స్పష్టంగా ఉంది. చూసి కూడా, తన విద్య చూపించుకోవాలని ప్రాణం పోశాడు.

డిజైను ఒకరు, కమ్మీ కట్టడం ఒకరు, సెంట్రింగ్ ఒకరు. అన్నీ అయ్యాక కాంక్రీటు పోయవచ్చని కార్డు మీద సంతకం పెట్టేవాడు నాలుగోవాడు. సింహం కళ్ళ ముందు కనిపించేది అతనికే. పెన్ను తీసే ముందు ఈ కథ గుర్తు చేసుకోమని నా దగ్గర చేరే పిల్లలకు చెబుతాను. అయితే రాజుతో నాకొక పేచీ ఉంది. మూడోవాడు కాళ్ళు, పంజాలు, కోరలు అమర్చేటప్పుడు అదేమిటో తెలియలేదంటే నేను నమ్మను. నా లెక్కలో వాడికీ వాటా ఉంది. మన వకీలు గారు ఏమంటారో భోజనాల దగ్గర అడుగుతాను.

ఒక సైటు సంగతి చెబుతాను. ఏ ఊరు, ఏ కంపెనీ అన్నది అనవసరం. నేను ఆఫీసులో కూర్చుని నాలుగైదు సైట్ల నాణ్యత చూసేవాణ్ణి. ఒక స్లాబు పోతకు అంతా సిద్ధం. ముందు రాత్రి వాన పడింది. సెంట్రింగ్ కింద నిలబెట్టిన ప్రాప్‌లు కొన్ని కొత్తగా నింపిన మట్టి మీద ఉన్నాయి. ఇంజనీరు కానివాళ్ళ కోసం చెబుతున్నాను: పచ్చి కాంక్రీటుకి బరువే గానీ బలం ఉండదు. ఆరంగుళాల స్లాబు చదరపు మీటరుకి దాదాపు 375 కిలోలు తూగుతుంది. గట్టిపడే దాకా ఆ బరువంతా ప్రాప్‌ల మీదే. ప్రాప్ కింద మట్టి దిగితే పైన మనుషులు ఉంటారు.

అక్కడ ఒక అమ్మాయి ఉండేది. పాలిటెక్నిక్ చదివి చేరింది, ఏడాది కూడా కాలేదు. ఆమె కార్డు మీద సంతకం పెట్టనంది. మేస్త్రీ ఇరవై ఏళ్ళుగా ఇలాగే పోస్తున్నాం పాపా అన్నాడు. సైటు మేనేజరు ముహూర్తం దాటిపోతోందన్నాడు. రెండు రెడీమిక్స్ లారీలు గేటు దగ్గర తిరుగుతున్నాయి. మిక్సింగ్ అయిన రెండు గంటల్లోపు పోసెయ్యాలి, లేకపోతే పనికిరాదు. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "సార్, ప్రాప్ పక్కన కాలు పెడితే మట్టి కుంగుతోంది. అందరూ నామీద కేకలేస్తున్నారు. ఏం చెయ్యమంటారు?"

"నీ కాలు కింద కుంగిందా లేదా?"

"కుంగింది సార్."

"అయితే ఆపమ్మా. నేను చెప్పానని చెప్పు."

లారీల్లో సరుకు వృథా అయింది. తడి మట్టి తీసేసి, కంకర పోసి దిమ్మిస కొట్టి, ప్రాప్‌ల కింద పలకలు వేసి నాలుగు రోజుల తరువాత పోశారు. స్లాబు చక్కగా వచ్చింది. ఏమీ కాలేదు.

కష్టమంతా ఆ ఏమీ కాకపోవడంలోనే ఉంది. ఆ రోజు పోసి ఉంటే పడిపోయేదా? ఏమో. పడకపోయేదేమో కూడా. జరగని ప్రమాదానికి ఫొటో ఉండదు. పోయిన లారీలకు మాత్రం బిల్లు ఉంటుంది. నెలాఖరు మీటింగులో ఆ బిల్లు తెర మీద వేశారు. చిన్నపిల్ల భయపడి పని చెడగొట్టిందన్నారు. నేను చెప్పవలసింది చెప్పాను. విన్నారు, కాఫీ తాగారు. మూడు నెలల్లో ఆమెను ఇంకో సైటుకి, స్టోర్సులోకి మార్చారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టే పనికి.

శవం మళ్ళీ చెట్టెక్కడమంటే ఇదే. కథలో రాజుకైనా ప్రాణం దక్కిందని చివర్లో బేతాళుడు చెప్పాడు. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, కానీ పై అధికారి చెప్పిన మాటకు ఉన్న విలువ పై అధికారి జీతం ఉన్నంతే.

నోరు తెరిచినా ఆగనివి కూడా ఉంటాయి. మేం పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న రోజుల్లో, 1986 జనవరి 28న, అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకు ఆకాశంలో ముక్కలైంది. ఏడుగురు పోయారు. వాళ్ళలో ఒకామె స్కూలు టీచరు. పేపర్లో ఆ ఫొటో చూడటం గుర్తుంది. కారణం చాలా ఏళ్ళకు ఇంజనీరుగా చదివాను. బూస్టరు రాకెట్ల అతుకుల్లో రబ్బరు రింగులుంటాయి. చలికి అవి బిగుసుకుపోయి సందు మూయలేకపోయాయి. ఆ అతుకుల వల్ల ఘోర ప్రమాదం జరగవచ్చని బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీరు రోజర్ బోయిజోలీ ఆరు నెలల ముందే కాగితం మీద రాసి ఇచ్చాడు. ముందు రాత్రి టెలిఫోను సమావేశంలో ఆయనా, తోటి ఇంజనీర్లూ 53 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు, అంటే మన లెక్కలో 12 డిగ్రీల లోపు, ప్రయోగించవద్దన్నారు. కంపెనీ పెద్దలు విడిగా మాట్లాడుకున్నారు. ఇంజనీరింగ్ అధిపతిని ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమని వాళ్ళలో ఒకాయన అన్నట్టు తరువాత విచారణలో బయటపడింది. ఆయన మనసు మార్చుకున్నాడు. కంపెనీ సరేనంది.

ఆ గదిలో తెలియక ఊరుకున్నవాళ్ళు ఎవరు, తెలిసి ఊరుకున్నవాళ్ళు ఎవరు అన్నది బేతాళుడు అడగవలసిన ప్రశ్న. మన మాస్టారైతే అక్కడ పుస్తకం మూసేసేవారు.

ఇక్కడ ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మా బ్యాచ్‌లోనే నలుగురు టీచర్లయ్యారు. మీకు చెప్పేంతవాణ్ణి కాదు, ఒక మనవి మాత్రం చేస్తాను. పాఠం చివర "ఈ కథలోని నీతి ఏమిటి?" అనే ప్రశ్నకు పిల్లలు గైడులోంచి జవాబు రాస్తారు, రెండు మార్కులు వస్తాయి. అందులో ఎవరి తలకీ ప్రమాదం లేదు. ఆ రెండు మార్కుల ప్రశ్న పక్కన అప్పుడప్పుడు బేతాళుడి ప్రశ్న ఒకటి అడగండి. జవాబు మీకూ తెలియనిదైతే మరీ మంచిది. క్లాసులో చెయ్యెత్తి, "సార్, అది తప్పు" అన్న పిల్లని కూర్చోబెట్టకండి. పదేళ్ళ తరువాత ఆ పిల్ల ఏ ప్రాప్ పక్కన కాలు పెట్టి చూస్తుందో మనకు తెలియదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇప్పుడు చందమామ రావడం లేదు. పిల్లలు ఫోన్లలో ఏవో చూస్తున్నారని మనం గొణుగుతున్నాం. మన చిన్నప్పుడు చందమామ చదువుతుంటే లెక్కలు చేసుకోవచ్చుగా అని మనవాళ్ళు గొణిగినట్టే. వాళ్ళు చూసే బొమ్మల కథల్లో కూడా అడగదగ్గ ప్రశ్నలు దొరుకుతాయి. నా మనవరాలు జపాను బొమ్మల పిల్లి ఒకటి చూస్తుంది. దాని పొట్టసంచిలోంచి ఏది కావాలంటే అది వస్తుంది. "ఆ పిల్లి వచ్చాక ఆ అబ్బాయి బాగుపడ్డాడా, చెడిపోయాడా?" అని అడిగాను. మూడు రోజులు ఆలోచించి, "తాతయ్యా, పిల్లికి కూడా వేరే పని లేదు కదా" అంది. నాకింకా జవాబు తట్టలేదు. తల మాత్రం భద్రంగానే ఉంది.

చివరగా ఒక చిన్న విషయం. మా బ్యాచ్ వాళ్ళం కలిసి పాత చందమామల్లోని బేతాళ కథలు పోగుచేసి, ఒక్కొక్క ఏడాదివి ఒక్కొక్క బైండుగా కుట్టించి ఈరోజు లైబ్రరీకి ఇచ్చాం. మొత్తం పన్నెండు బైండ్లు. ప్రతి కథలోనూ రాజు జవాబు చెప్పే పేరా మీద తెల్ల కాగితం అతికించి ఉంటుంది. అంచుకి మాత్రమే జిగురు పెట్టాం, కావాలంటే ఎత్తి చూడవచ్చు. ఆ కాగితం మీద గీతలు కొట్టించాం, పిల్లలు తమ జవాబు రాసుకోవడానికి. పెన్సిలుతో రాయమని చెప్పండి. బీరువా తాళం తెలుగు టీచరు గారి దగ్గర ఉంది.